సిపాయి ఏడ్చిన ఆదివారం

12-8-2001, ఆదివారం. మబ్బు పట్టింది, చినుకు లేదు. పొద్దున జొన్నచేనులో గుంటక తోలడం అయింది.

తమ్ముడు మహిపాల్‌కు అన్న దీవెనలు. నేను, మీ వదిన, పిల్లలు బాగున్నాం. అమ్మ సంగతి కింద రాస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మీ యుద్ధం సీరియల్‌ను తొమ్మిది వారాలకే ఆపేశారని విని మీ వదిన బాధపడింది. ఇరవై ఆరు వారాలని కదా చెప్పారు. సిపాయి వేషానికి కత్తిరించిన జుట్టు పెరిగేదాకా కూడా ఉంచలేదని రాశావు. నవ్వించాలనే రాసి ఉంటావు. మాకు నవ్వు రాలేదు.

ఆరో వారం కందకంలో కూర్చొని ఇంటి నుంచి వచ్చిన కార్డు చదివి ఏడ్చావే, అది అమ్మ చూసిందా అని అడిగావు. చూసింది. చాంద్ పాషా ఇంట్లో అందరం చూశాం. కార్డులో ఏముందో సీరియల్‌లో చెప్పలేదు. అమ్మ లేచి టీవీ దగ్గరికి పోయింది.

"గది నా కార్డే. చేరింది," అంది.

"పెద్దమ్మా, గది యాక్టింగ్. పైసలిస్తే ఏడుస్తరు," అన్నాడు పాషా.

"ఊకో పాషా! వాన్ని కన్నది నేనా, నువ్వా? ఉత్తుత్తగ ఏడిస్తే నాకు తెల్వదా?"

"జర నోరు మూస్కో," అని తాజ్‌బీ మొగుణ్ణి గిచ్చింది.

ఆ కార్డు సంగతి నీకు తెలియదు. మే నెలలో వడియాలు ఎండబెడుతుంటే అమ్మ తలను కాకి తన్నింది. చనిపోయినట్టు కన్నపిల్లలకు కబురు పంపి, వాళ్లు ఏడ్చాక నిజం చెబితే దోషం పోతుందని అమ్మ నమ్మకం. 'మీ అమ్మ కాలం చేసింది, వెంటనే రా' అని తనే చెప్పి నాతో రాయించింది. గద్వాల అక్కకు ఒకటి, నీకు ఒకటి. అక్క ఏడ్చుకుంటూ బస్సు దిగి, అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అమ్మను చూసి, "సచ్చినదానివి లేచి నీళ్లన్న ఇయ్యరాదు?" అని తిట్టింది. "బిడ్డ ఏడ్చింది. చిన్నోడు గూడ ఏడిస్తే నా గండం పోతది," అంది అమ్మ.

మహిపాల్, నీ కార్డు నేను వేయలేదు. ఒక్కరోజు షూటింగ్‌కు పోకపోయినా వేషం ఇంకొకరికి ఇస్తారని అప్పుడే నువ్వు రాశావు. పదేళ్లు తిరిగితే దొరికిన వేషం. కార్డును పెట్టెలో దాచి, వేశానని చెప్పాను. నువ్వు రాలేదేమని అడిగితే, బతికే ఉందని వెంటనే రెండో కార్డు వేశానన్నాను. నువ్వు టీవీలో ఏడ్చిన ఆ ఆదివారం దాకా అమ్మ పూర్తిగా నమ్మలేదు.

బుధవారం నుంచి అమ్మ నాగర్‌కర్నూల్ దవాఖానలో ఉంది. ఆమె మంచం పక్కనే కూర్చొని ఇది రాస్తున్నాను. గుండె బలహీనపడిందట. దూరాన ఉన్నవాళ్లను పిలిపించుకోమన్నాడు డాక్టరు. మీ సీరియల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. పక్కింటి భీమన్న రేపు హైదరాబాద్ వస్తున్నాడు, ఇది అతని చేతికిస్తాను. అతనితోనే బస్సెక్కు.

కాకి తన్నితే ఏమీ కాదని నాకు తెలుసు. అయినా కార్డు వేసి ఉంటేనో అనిపిస్తూనే ఉంది. సీరియల్ ఆగిందని తలచుకొని, ఇక నువ్వు రావచ్చని సంతోషపడ్డాను కూడా. క్షమించు.

కార్డు చూసి ఎంతసేపు ఏడ్చావని అమ్మ అడుగుతుంది. చాలాసేపు అని చెప్పు. నన్ను కాపాడడానికి కాదు. ఉన్నన్నాళ్లు ఆ భయం ఆమెకు మళ్లీ రాకూడదు. నేను చెబితే నా ముఖం చూసి పట్టేస్తుంది.

అమ్మ లేచింది. జావ తాగించాలి, ఉంటాను.

ఇట్లు,
మీ అన్న కృష్ణయ్య