స్వెట్టర్ కుడి చెయ్యి

ఆలేరు,
డిసెంబర్ 23

పాస్టరు అయ్యగారికి,

మన చర్చి స్త్రీల సమాజం తరఫున వందనాలు. క్రిస్మస్ కానుకగా మీకోసం అల్లిన స్వెట్టర్ రేపు మీ ఇంటికి వస్తుంది. చూసి భయపడకండి. దాని కుడి చెయ్యి మీ మోచేతి దగ్గరే ఆగిపోతుంది, ఎడమది వేళ్ళు దాటి వేలాడుతుంది.

అల్లిక క్లాసులో తలా ఒక ముక్క పంచుకున్నాం. ఎడమ చెయ్యి గ్లోరీకి, కుడి చెయ్యి బిక్షమ్మవ్వకు వచ్చాయి. "టేపు ఎందుకే, చేతులు లేవా? చెరి రెండున్నర జానలు అల్లుండ్రి" అన్నది ఎవరో ఇప్పుడు అనవసరం. గ్లోరీది చేటంత చెయ్యి. నలభై ఏళ్ళు పత్తి ఏరిన బిక్షమ్మవ్వ వేళ్ళేమో పూర్తిగా సాగవు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

విప్పి మళ్ళీ అల్లుదామంటే, ఆమె అప్పటికే వాడంతా తిరిగి చెప్పేసింది: "అయ్యగారి కుడి చెయ్యి నేనే అల్లిన. గీసారి ఆశీర్వాదం నా చేతిలకెల్లే వస్తది."

ఇంక విప్పే ధైర్యం ఎవరికుంది?

కాబట్టి పండుగనాడు మీరు దాన్ని వేసుకోక తప్పదు. ఆశీర్వాదం ఇచ్చేటప్పుడు ముందు అందరినీ కళ్ళు మూసుకోమనండి, ఆ తర్వాతే చెయ్యెత్తండి. నవ్వు రాకుండా మేం గట్టిగా మూసుకుంటాం. ముందు వరుసలో కూర్చునే బిక్షమ్మవ్వ మాత్రం మూసుకోదు. మీరు చూడనట్టే ఉండండి. చెయ్యి మాత్రం జర పైకెత్తండి.

ఇట్లు,
జానల సలహా ఇచ్చిన మహాతల్లి