రాని జ్వరం

పుత్తూరు,
18-7-1978.

చిరంజీవి బావమరిది మునిరత్నానికి,

నా తెలుగు పేలవంగా ఉంటే మన్నించు. నలభై దాటినాక రాత్రి బడిలో నేర్చిన చదువు. పైగా ఇది ఎడమచేతి రాత.

లారీతో సిగ్నలు దాటినానన్న కేసులో షోలాపూరు కోర్టు వాయిదాకు నేను రాలేదన్నది నిజం. మామిడి గంపలు ఎక్కిస్తూ లారీపై నుండి పడి కుడిచెయ్యి విరిగినది. ఇక్కడ నాటుకట్టు కట్టిన పెద్దాయన ఇరవై ఒక్క దినాలు ప్రయాణం వద్దన్నాడు. ఇప్పుడు 24వ తేదీన హాజరు కావాలని వారంటు వచ్చినది. తెచ్చిన కానిస్టేబులు, "డాక్టరు సర్టిఫికెట్టు పంపించుంటే సరిపోయేది గదప్పా" అన్నాడు. పెద్దాయనను అడిగితే, "ఈ కట్టే నా సర్టిఫికెట్టు, యాడికైనా పోయి సూపించుకోప్పా" అని నవ్వినాడు.

నీవుండే షోలాపూరులో ఒక డాక్టరు చేత నాకు విషజ్వరమని రాయిస్తానని, లేకుంటే లైసెన్సు రద్దవుతుందని నీవు రాసినావు. లైసెన్సు పోతే మీ అక్కకూ నాకూ కూడు లేదని నాకు తెలియును. అయినా రాని జ్వరం నాకు వద్దు. ఈ కట్టుతోనే వచ్చి కోర్టులో నిలబడతాను.

ఈ ఉత్తరం ముందు నా కేసుకు నీవు పెట్టిన వకీలుకు వినిపించు. తరువాత ఆ డాక్టరుకు ఇవ్వు. ఆయనకు తెలుగు రాకుంటే నీవే అర్థం చెప్పు. ఒక్క మాట కూడా మెత్తన చేయవద్దు.

ఇట్లు,
మీ బావ