మన బడిలో ఎరువుల బస్తాలు

నర్సింహ సార్, నమస్తే.

మీరు పోయి నాలుగు నెలలు దాటింది. మన బడికి తాళం వేసి, లోపల ఎరువుల బస్తాలు పెట్టించాడు. ఎవరో కాదు, మన ఊరి సర్పంచే. పిల్లలు తగ్గారట, గది ఊరికే పడి ఉందట. పక్కూరి బడికి నడిచి పొమ్మన్నాడు. మన మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు బిగుసుకుపోయిన మోకాళ్లతో... ఎంత దూరం నడుస్తారు సార్?

తాళం చూస్తే నాకు కోపం రావాలి కదా. రాలేదు. మిమ్మల్ని కాటికి సాగనంపిన రోజూ అంతే. వచ్చినవాళ్లకు చాయ్ పోసి, ఇంటికెళ్లి పడుకున్నాను. లోపల ఏదో మొద్దుబారింది.

మీ దగ్గర విద్యా వాలంటీర్‌గా చేరినప్పుడు నా సంచిలో పుస్తకాల కంటే కరపత్రాలే ఎక్కువ. మూడో తరగతి పిల్లలకు దోపిడీ గురించి గొంతు చించుకుని చెప్పాను. మీరు గుమ్మంలో నిలబడి నవ్వారు. "ఏమయ్యా కరపత్రం! గీళ్లకు ఓట్లు లేవు గని, జర మెల్లగ మాట్లాడు."

మోకాళ్లు వంగని పిల్లలు కాళ్లు వేలాడేసుకోవాలని వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టేవారు. పాఠం కూడా అక్కడే. అరుగుకు ఎదురుగా ఉన్న ప్రహరీ గోడకే నల్లరంగు పూయించి బోర్డు చేశారు. బాగున్న పిల్లలే బయటికొచ్చి అరుగు ముందు కింద కూర్చోవాలి. "కింద కూసోలేనోడు యాడుంటే బోర్డు ఆడికి పోవాలె. గంతే."

ఆ మాట నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు.

ఇప్పుడు నార్కట్‌పల్లిలో లారీ డ్రైవర్ల సంఘంలో పనిచేస్తున్నాను. మొదటి మీటింగు ఆఫీసు గదిలో పెడితే ఒక్కరూ రాలేదు. అప్పుడు మీరు గుర్తొచ్చారు. హైవే పక్కన వాళ్లు టైర్లు మార్చుకునే చోటికే వెళ్లి కూర్చున్నాను. వాళ్లనే చెప్పమన్నాను. నిద్ర గురించి, నడుం నొప్పి గురించి ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. నోరు తెరవని లీడరు ఎక్కడ దొరికాడని ఎగతాళి కూడా చేశారు. నేను లీడరును కాదు సార్, ఇప్పటికీ పంతులునే. ఈ సంగతి మీకు ఎందుకు చెప్పలేదో...

మొన్న మన ఊరికొచ్చి ఇంటింటికీ తిరిగి తల్లుల మాట విన్నాను. పక్కూరికి పోతున్నది బాగా నడిచే పిల్లలే. మిగతావాళ్లు మంచాల మీదే ఉంటున్నారు. వాళ్ల చదువు ఇంతేనా?

సోమవారం పొద్దున తొమ్మిదింటికి బడి ముందుకు రమ్మని ఊరందరికీ చెప్పాను. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వస్తామన్నారు. బస్తాలు మోయడానికి మా డ్రైవర్లు వస్తున్నారు. తాళం తీసేదాకా బడి ముందు నుంచి ఎవరమూ లేవం.

సోమవారం, తొమ్మిదింటికి సార్.

యాదగిరి