మగ్గం మీది పట్టుపోగు

నల్లమాడ,
12 ఆగస్టు 1979

గంగక్కా,

నర్సింగు ఆఖరి ఏడాది పాఠాలు మాకిప్పుడు ఈ పల్లెలోనే నడుస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం మేడమ్ బొడ్డుతాడు గురించి చెబుతుంటే నాకు కునుకు పట్టింది. కలలో వాన లేని ఆకాశం నిండా మన మగ్గం పోగులు ఎర్రగా ఊగుతున్నాయి. వాటి నీడలో నీ తొలి బిడ్డ నిద్రపోతున్నాడు.

"ఉడకబెట్టని దారం కడితే ధనుర్వాతం రావచ్చు. వారం తిరిగేసరికి బిడ్డ దవడలు బిగుసుకుపోయి పాలు తాగడు" అని మేడమ్ అంటుంటే మెలకువ వచ్చింది.

వాడు వారానికే పాలు మానేసి పోతే గాలి సోకిందనుకున్నాం కదక్కా. పుట్టిన రోజు అవ్వ మగ్గం మీంచి పట్టుపోగు తెంచి బొడ్డుకు కట్టి, "నా మునిమనవడికి నూలుదారమేందే, పట్టే కట్టాల!" అని మురిసిపోయింది.

ఈసారి నీ కాన్పుకు నేనే వస్తాను. కొత్త బ్లేడు తెస్తాను. పట్టుదారం అరగంట ఉడకబెడతాను. మన వీధిలో అవ్వ చేసే కాన్పులన్నింటికీ అదే నేర్పుతాను. ఎందుకని ఆమె అడిగితే మా కాలేజీ పద్ధతి అని చెప్పు. అంతకుమించి ఒక్క మాట కూడా వద్దు.

దారం మాత్రం అవ్వ చేతే కట్టిద్దాం.

నీ చెల్లెలు