బల్ల కింద గొంతు

బుధవారం
వంటగది గట్టు మీద నుంచి

అమ్మడూ,

ఒకే ఇంట్లో, నీకూ నాకూ మధ్య ఒక్క బీరువా అడ్డం ఉండగా, నీకు ఉత్తరం రాస్తున్నానంటే ముసలాడికి మతి పోయిందనుకోకు. ఈ ఇంట్లో మాట్లాడుకోవడానికి ఉన్న వేళలు నీకు తెలియనివా? పొద్దున తొమ్మిదికి నీ పెద్దది పిచ్చుకకు ఫోనులో క్లాసు మొదలు. తొమ్మిదికే నీ ఉద్యోగం ఫోన్లూ మొదలు. రొట్టెల పొయ్యి దగ్గర రాత్రి పని ముగించుకుని అల్లుడు పదకొండింటికి వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా లోపలి గదిలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. నీ పని అయ్యాక నీ మొహం చూస్తే, పలకరించడానికి కూడా నాకు నోరు రాదు. ఫ్రిజ్ తలుపు మీద అంటించుకునే చీటీల్లో "పాలు అయిపోయాయి", "చిన్నది పక్క తడిపింది, మైకు ఆపి రా" లాంటివి పడతాయి గాని, నేను చెప్పాల్సింది పట్టదు. అందుకని పాత క్యాలెండరు కాగితాల వెనక రాసి నీ హెడ్‌ఫోన్ల డబ్బాలో పెడుతున్నాను.

ముందు నేరం చెప్పేస్తాను. నిన్న టీచరమ్మ ఫోన్ చేసి, పిచ్చుకకు రెండక్షరాల మాట కూడా చదవడం రావడం లేదని చెప్పింది కదా. "మొన్నటి దాకా టకటకా చదివిన పిల్లండీ" అని ఆశ్చర్యపోయింది కదా. నువ్వు స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని, ఆ చప్పుడు చాటున ఏడ్చావు. నీళ్ళ చప్పుడు నాకు తెలుసు, ఏడుపు చప్పుడూ తెలుసు. పిల్ల చదువు పాడైంది నీ ఉద్యోగం వల్ల కాదమ్మా. మూడు నెలలుగా ఆ క్లాసులో చదివింది పిచ్చుక కాదు. నేను.

ఎలాగో చెప్తాను. ఒప్పుకోవడమంటూ మొదలుపెట్టాక పూర్తిగా ఒప్పుకోవాలి.

క్లాసుల మొదటి వారంలో ఒకరోజు చిన్నదాని గిలక్కాయ బల్ల కిందికి దొర్లితే తీయడానికి దూరాను. పైన పిచ్చుక, పంచదార డబ్బాకు ఆనించిన పాత ఫోను ముందు కూర్చుని ఉంది. టీచరమ్మ తెర మీద ఒక మాట చూపించి "నువ్వు చదువమ్మా" అంది. పిచ్చుక చదవలేదు. దాని కాళ్ళు నా మొహం ముందే ఉన్నాయి. ఊగుతున్నవి కాస్తా ఆగిపోయాయి. నలభై ఏళ్ళు నాటకాల కంపెనీలో ప్రాంప్టరుగా బతికినవాణ్ణి. పక్క తెర వెనక పుస్తకం పట్టుకుని నిలబడి, నటుడు మాట మరిచిపోతే వాడికి మాత్రమే వినబడేలా అందించడం నా వృత్తి. మాట ఆగితే మూడు అంకెలు లెక్కపెట్టి అప్పుడు అందించాలని మా గురువు నియమం. ఆ రోజు నేను మూడు దాకా కూడా ఆగలేదు. బల్ల అంచు పట్టుకుని తల పైకెత్తి చూసి, "పలక" అని అందించాను. "పలక" అంది పిచ్చుక. టీచరమ్మ దానికి ఒక నక్షత్రం ఇచ్చింది.

అంతే, మర్నాటి నుంచి అది నా ఉద్యోగమైపోయింది. తొమ్మిది కాగానే దిండు వేసుకుని బల్ల కింద కూర్చునేవాణ్ణి. పిచ్చుకకు అక్షరాలన్నీ వచ్చు, అది నిజం. వాటిని కలుపుకునే తీరిక దానికి నేనివ్వలేదు. కలిపి ఇచ్చేసేవాణ్ణి.

ఇక్కడ నీకొక మనిషిని గుర్తు చేయాలి. మన కంపెనీలో రాజు వేషాలు వేసే లావుపాటాయన ఉండేవాడే, నీకు పిప్పరమెంట్లు ఇచ్చేవాడు. ఆయనకు ప్రతి వాక్యం నేనే అందించేవాణ్ణి. చివరికి ఆయన పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, హోటల్లో సర్వరు వచ్చి "ఏం కావాలండీ" అంటే నావైపు చూసేవాడు. నేను "కాఫీ" అంటే "కాఫీ" అనేవాడు. కంపెనీ అంతా నవ్వుకునేది. నేనూ నవ్వేవాణ్ణి, గర్వంగా. ఒకసారి నాకు జ్వరమొచ్చి మంచాన పడ్డాను. ఆయన రంగం మీదికి వెళ్ళి, సింహాసనం మీద కూర్చుని, పక్క తెర వైపు తిరిగి, ఖాళీ చూసి, లేచి వెళ్ళిపోయాడట. మళ్ళీ వేషం కట్టలేదు. కాబట్టి అందించడం వల్ల మనిషి ఏమవుతాడో తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

మరెందుకు చేశానంటే, దీన్ని రాయడానికే సిగ్గుగా ఉంది. నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. నాటకం పుస్తకాల్లోనే అక్షరాలు నేర్చుకున్నాను. డెబ్భై రెండేళ్ళకు మొదటిసారి ఒక టీచరమ్మ "శభాష్" అంటే, అది పిచ్చుకను అంటోందని మరిచిపోయాను. ఆ నక్షత్రాలు నావే అనుకున్నాను.

నిన్నటి పరీక్షకు టీచరమ్మ గదిలో ఎవరూ ఉండకూడదని, ఫోను తిప్పి గదంతా చూపించమని అడిగింది. నేను చిన్నదాన్ని ఎత్తుకుని వంటగదిలో నిలబడ్డాను. పదకొండు నిమిషాలు, అమ్మడూ. తలుపు సందులోంచి చూశాను. పిచ్చుక బల్లగుడ్డ ఎత్తి కిందికి చూసింది. దించింది. మళ్ళీ ఎత్తి చూసింది. ఆ లావుపాటాయన చూసిన చూపే.

ఇంకొకటి. వెనక ఖాళీ ఉన్న కాగితం కోసం వెతుకుతుంటే నీ కీబోర్డు కింద ఒకటి కనబడింది. రాజీనామా. మూడు వాక్యాలు రాసి ఆపావు. అది పూర్తి చేయకు. తప్పు నాది, శిక్ష నువ్వు వేసుకుంటే ఎలా? టీచరమ్మకు నన్నే చెప్పనీ. నన్నేం చేయమన్నా చేస్తాను. మాట్లాడొద్దంటే, అన్నిటికంటే కష్టమైనదే అయినా, అదీ చేస్తాను.

నీ
నాన్న


గురువారం
బీరువాకి ఇవతల నుంచి

నాన్నా,

ఒక ఫోనుకీ ఇంకో ఫోనుకీ మధ్య రాస్తున్నాను, ముక్కలు ముక్కలుగా ఉంటే సర్దుకో. ఇప్పుడే ఒక పెద్దాయనకి, చెవి మిషను కుడి చెవికి పెట్టుకోవాలని నాలుగుసార్లు అరిచి చెప్పాను. ఆయన "బ్యాటరీ కొనాలా" అని అడిగాడు. చెవులు వినబడనివాళ్ళకి రోజంతా అరిచే ఉద్యోగం చేస్తూ, ఇంట్లోవాళ్ళని గుసగుసలాడమంటున్నాను. నవ్వొస్తోంది, ఓపికే లేదు.

నాన్నా, నాకు తెలుసు. రెండో రోజు నుంచే తెలుసు.

నీ ప్రాంప్టింగు మైకుకి అందదు, ముందు వరసకి అందదు. నాకు అందుతుంది. అమ్మ పోయాక నన్ను ఎవరి దగ్గరా వదలలేక పక్క తెర వెనక నీ ఒళ్ళో పడుకోబెట్టుకునేవాడివి. ఆ గొంతు వింటూనే నేను నిద్రపోయేదాన్ని. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా, అవతల ఎవరు అరుస్తున్నా, అది నాకు వినబడకుండా ఉంటుందా?

వినగానే లేచి వచ్చి ఆపాల్సింది. లేవబోయాను కూడా. తెర మీద ఆరుగురు ఎదురుచూస్తున్నారు, చిన్నది ఒళ్ళో ఉంది. ఆ పావుగంటలో పిచ్చుక "అమ్మా, ఇదేంటి" అని ఒక్కసారి కూడా పిలవలేదు. క్లాసులు మొదలైన దగ్గర నుంచి అలా పిలవకపోవడం అదే మొదలు. మూడు ఫోన్లు తీశాను. ఆ రోజు నుంచి, చెప్పుకోకూడదు గాని, తొమ్మిదవగానే నీ గొంతు కోసమే ఎదురుచూశాను. అది మొదలైతే ఊపిరాడేది. నువ్వు సరదాపడి చేశావు. నేను తప్పని తెలిసి, దాన్ని వాడుకున్నాను. ఆయన పడుకుని లేచి "పిల్ల ఎలా చదువుతోంది" అంటే "బ్రహ్మాండంగా" అని చెప్పాను.

మొన్న కుళాయి తిప్పుకుని ఏడ్చింది పిల్లకి చదువు రాలేదని కాదు. టీచరు "మీకేమైనా తెలుసా అండీ" అని అడిగింది. "లేదండీ" అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందంటే, నాకే భయమేసింది.

ఇవాళ పొద్దున ఆవిడకి ఫోన్ చేసి అంతా చెప్పాను. నీ గురించి, నా గురించి కూడా. ఆవిడ అంతా విన్నది. తర్వాత "నలభై బల్లలున్నాయండీ నా క్లాసులో. ఎన్నింటి కింద ఎవరున్నారో నాకేం తెలుసు" అంది. రేపు మళ్ళీ చూస్తుందట. పది మాటలు. ఏ ఒక్కటీ చదవలేకపోతే ఏడాది వెనక్కి, ఇంకో దారి లేదంది. నిన్ను దాచొద్దంది. "ఆయన్ని రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టండి, నోరు మాత్రం విప్పొద్దు" అంది.

ఆ కాగితం రేపటిదాకా కీబోర్డు కిందే ఉంటుంది. నేను ఉద్యోగం మానేస్తే దానికి చదువొస్తుందన్న నమ్మకం నాకేం లేదు. ఒక్క జీతంతో ఈ గదిన్నర ఇల్లు కూడా నిలవదని తెలుసు. కానీ ఒక ఒళ్ళో రెండు పనులు పట్టడం లేదు నాన్నా. ఏదో ఒకటి కింద పెట్టాలి. పిల్లని పెట్టలేను.

ఫోను మోగుతోంది.

నీ
అమ్మడు


శుక్రవారం
బల్ల కింద నుంచి

అమ్మడూ,

నువ్వు బీరువా పక్క నుంచి చూశావు. కింద నుంచి ఎలా ఉందో నీకు తెలియదు, అందుకే రాస్తున్నాను.

మొదటి మాట వచ్చింది. పిచ్చుక కాళ్ళు ఆగాయి. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. మూడు అయింది. అయిదయింది. బల్లగుడ్డ లేచింది, తలకిందులుగా దాని మొహం. తల ఊపినా అది అందించడమే అవుతుందని కళ్ళు మూసుకున్నాను. పది. నువ్వు ఫోన్లు ఆపేశావు, నీ కుర్చీ కూడా కిర్రుమనలేదు. చిన్నది సైతం ఏ కళనుందో ఏడవలేదు. నలభై ఏళ్ళలో అంత పొడుగు నిశ్శబ్దం ఏ రంగం మీదా నేను పడనివ్వలేదు. గుండె నోట్లోకి వచ్చింది గాని అక్కడ తువ్వాలు ఉంది. గుడ్డ దిగింది. పందొమ్మిది అంకెల దగ్గర పైనుంచి వచ్చింది: "ని... చ్చె... న."

నేను వినని గొంతులు తక్కువ. ఇది విననిది. మూడు నెలలుగా దాని మీద నా గొంతు పరిచి కూర్చున్నాను.

తర్వాతి రెండూ రాలేదు. మొత్తం పదింటిలో నాలుగు. టీచరమ్మ "నెలాగి మళ్ళీ చూస్తాను, అప్పటిదాకా ఈ క్లాసులోనే ఉండనీ" అంది. గట్టెక్కామని నేననను, నెల రోజులంటే ఎన్ని మాటలో నాకు తెలుసు. ఆ తర్వాత నీ కూతురు అన్నది నువ్వూ విన్నావు: "టీచర్, మా తాత చచ్చిపోయాడేమో, ఒక్కసారి చూసి వస్తాను." వచ్చి చూసింది. బతికే ఉన్నానని చెప్పడానికి కూడా నేను నోరు విప్పలేదు.

సాయంత్రం లేచాక అల్లుడికి మనం ఇద్దరం కలిసి చెబుదాం. రేపటి నుంచి క్లాసు వేళ చిన్నదాన్ని నేను వంటగదిలోకి తీసుకుపోతాను. పిచ్చుక "అమ్మా" అని పిలుస్తుంది, నీ ఫోన్లు పోతాయి, నీ పైవాళ్ళు తిడతారు. అదంతా ఉంటుంది. లేదని చెప్పను.

క్యాలెండరు కాగితాలు నిన్నటితో అయిపోయాయి. నీ కీబోర్డు కింద ఒకటి ఉంటే తీసి, దాని వెనక ఇది రాస్తున్నాను. కావాలంటే నువ్వు ఇంకో కాగితం మీద మళ్ళీ రాసుకోగలవు, నేనెవరిని ఆపడానికి. ముందువైపు మూడో వాక్యంలో "అందువలన" అని రాసి ఆగిపోయావు. తర్వాత రావాల్సిన మాట నాకు తెలుసు.

అందించను.

నాన్న