అడగని సంతకం

మాస్టారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే అమలాపురం కోర్టులో మీ పుస్తకం తరఫున సాక్ష్యం చెప్పాను.

మీరు రాసిన మాజీ ఎమ్మెల్యేగారి జీవితచరిత్రలో వాళ్లమ్మగారు కూలికి ఊడ్పులకెళ్లేవారన్న పేజీ అబద్ధమని, పుస్తకం ఆపాలని ఆయనే దావా వేశారు. ఆ సంగతి ఆయనే కళ్లొత్తుకుంటూ చెబుతుంటే మీ పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నది నేను. "కింద సంతకం పెట్టించుకుందామాండీ?" అని అడిగితే, "వాళ్లింట్లో కాఫీ తాగి కాగితం చాపుతామేంటమ్మా, బాగోదు" అన్నారు మీరు.

ఇవాళ ఆయన లాయరుగారు అడిగింది ఆ సంతకమే. "లేదండి" అన్నాను.

బయట మాజీ ఎమ్మెల్యేగారు నన్ను పిలిచారు. "ఆ నోటుబుక్కు ఇచ్చేయమ్మా, కేసు తీసేయిస్తాను."

"ఆ పేజీ ఎత్తి రాసిస్తానండి. కింద సంతకం పెడతారా?"

ఆయన కారెక్కారు. మీరు బాగోదన్న పనే చేశాను, మాస్టారూ.