నిక్తే లేని తులుం

చెల్లీ నిక్తే,

నీకు కొడుకు పుట్టాడని విని అమ్మ సంతోషంతో ఏడ్చేసింది. నేనూ సంతోషించాను.

నువ్వు పురిటికి అత్తగారింటికి వెళ్ళాక మన తులుం ఊళ్ళో యాత్రికులను నేనే తిప్పుతున్నాను. టాక్సీకి డబ్బు తగలేయకండి, షేర్ వ్యాన్ ఎక్కండి, ఎండ ముదరకముందే మన మాయా పూర్వీకుల పాత గుళ్ళు చూసేసి, జాలర్ల ఒడ్డున హాయిగా ఈత కొట్టండి అని నీలాగే చెబుతున్నాను. అయినా ఇదివరకు వచ్చినవాళ్ళందరూ "నిక్తే ఏదీ?" అనే అడుగుతారు.

"దానికి ఇవన్నీ నేర్పింది నేనే" అన్నాను ఒకావిడతో.

"మరి ఆ నవ్వు ఆ అమ్మాయికి నేర్పి మీరు మర్చిపోయారా?" అందావిడ. నాకు ఒళ్ళు మండిపోయింది.

నిన్న మాత్రం ఒక జంట నన్నే పేరు పెట్టి అడుగుతూ వచ్చింది. నాతో ఫోటో కూడా దిగారు.

పచ్చి బాలింతవి, తొందరపడి రాకు. బాబు నడక నేర్చేదాకా అత్తగారింట్లోనే ఉండు.

నీ మంచికే చెప్పే
అక్క